తరుగు తీసినంక

హన్మకొండ చౌరస్తాల యాకూబ్ పాషా దుకాణం.
అద్దాల బల్ల మీద అది
పలక లెక్క పండుకొని ఉన్నది.
మీటల అట్ట దగ్గరికి తెస్తే
టక్కున అతుక్కున్నది.
"మ్యాగ్నెట్ అన్నా," అన్నడు పిలగాడు.
ఇప్పుడు లాప్‌టాప్.
పీకితే మళ్ల పలక.

నేను వంగి చూసేసరికి పిలగాడు తుమ్మిండు.
అంగీకి అంటుకున్న మిర్చి దుమ్ము
ఎంత ఉతికినా నాతోనే ఊరు తిరుగుతది.
ఆ మీటల సందులల్ల పడితే
దానికీ తుమ్ములొస్తయేమో.

నా చేతికిచ్చిండ్రు.
ఇరవై రెండేండ్లు ఎనుమాముల మార్కెట్ల దడ్వాయిని.
చేతిల ఏది పడ్డా ముందు బరువే తెలుస్తది.
"కిలో నూట యాభై," అన్న.
డబ్బా మీద ఐదు వందల అరవై గ్రాములని రాసున్నది.
పిలగాడు నవ్విండు.
పక్క కొరియర్ దుకాణంల కాంటా మీద పెడితే
కిలో నూట నలభై.
డబ్బా మీది లెక్క ఉత్త పలకకేనట,
మీటల అట్టను కలుపలేదట.
సంచి బరువు సంగతి
రైతుకు గూడ ఎవ్వలూ ముందుగాల చెప్పరు.

అరవై నాలుగు జీబీ అన్నడు.
తెరిచి చూపియ్యమంటే
ఇరవై రెండు అప్పటికే నిండి ఉన్నది.
"ఇంకా ఎవ్వలూ వాడలే గదా?"
"అది దాని సొంతానికి, అన్నా."
నాకు మంచిగ సమజైంది.
రాశి కాంటా ఎక్కకముందే
తరుగు తీసుడు నేను చూడనిదా.

నిఖిత పాలిటెక్నిక్ రెండో సంవత్సరం.
ఇండ్ల ప్లాన్లు గీయాలె.
పెన్ను పట్టి అద్దం మీద గీసింది,
ఒక గోడ, ఒక తలుపు,
తలుపుకు ఎదురుంగ కిటికీ.
గీత దాని చేతికంటె
అర రెప్పపాటు ఎనుక నడిచింది.
నేను చూసిన. అదీ చూసింది.
ఇద్దరం ఏమనలేదు.

ఒళ్లె పెట్టుకుంటే ఎల్లెలుకల పడ్డది.
దీనికి బల్ల కావాలె.
మా ఇంట్ల చదునైన జాగ ఒక్కటే, కుట్టు మిషన్ మూత.
దాని మీద పగలంతా వాళ్లమ్మ కత్తిరించిన జాకెట్లు.

ఆ మాటకొస్తే
కరెంటు పోయిన రాత్రి తొమ్మిది గంటలు బతుకుతదట.
మీటలు ఇంట్ల పెట్టి పోతే
బస్సుల నిలబడి ఒక్క చేత్తోని చదువొచ్చట.
అసలు లాప్‌టాప్ ముప్పై ఎనిమిది వేలు,
ఇది పద్దెనిమిది.
బస్తాకు మూడు రూపాయల చొప్పున
ఆరు వేల బస్తాలు నా కాంటా ఎక్కి దిగాలె.
అంటే తేజ మిర్చి దిగే మూడు నెలలు,
దగ్గుతోని సహా.

"అటు పూర్తి లాప్‌టాప్ గాదు,
ఇటు పూర్తి టాబ్లెట్ గాదు.
రెండు పనులు చేసేది
ఏ పనీ నికరంగ చెయ్యది," అన్న.
నిఖిత మీటలు పీకుకుంట, అతికించుకుంట
తల ఎత్తకుండనే అడిగింది,
"నువ్వు రైతువా బాపూ, సేటువా?"

యాకూబ్ పాషా చాయ్ చెప్పిండు.

నిజమే.
అటు బస్తా మీద చెయ్యేసి ఒకడు,
ఇటు చిట్టీ పట్టుకొని ఒకడు,
నడుమ నేను.
ఏ ఒక్కని మనిషినీ కానందుకే
ఇద్దరూ నా అంకెను ఒప్పుకుంటరు.
ఒప్పుకోని రోజులు గూడ ఉన్నయి,
అది వేరే ముచ్చట.

పని నేర్పిన ఐలయ్య మామ అనేటోడు,
ముల్లు ఆగకముందు తూకం పలుకొద్దని.
ఇప్పుడన్నీ కరెంటు కాంటాలు.
అంకెలు గూడ కాసేపు కొట్టుకుంటయి,
పక్కపొంటి ఎవలన్న నడిచినా.

ఐదు వందలు బల్ల మీద పెట్టిన.
"సోమవారం దాకా పక్కన ఉంచు, పాషా."

బయటికొచ్చినంక నిఖిత అడిగింది,
"మిషన్ మూత ఎంత పొడుగుంటది బాపూ?"
పొడుగు నాకు తెల్వదు.
బరువైతే చెప్త.